ఇష్తియాక్ భాయ్ నెమ్మది నెట్టు

పటమటలో ఇష్తియాక్ భాయ్‌కి ఈ లోకంలో గిట్టనిది ఒక్కటే ఉంది. వేగంగా వచ్చే ఇంటర్నెట్.

ఎండ గిట్టనివాళ్ళుంటారు, వంకాయ గిట్టనివాళ్ళుంటారు, అత్తగారు గిట్టనివాళ్ళకైతే లెక్కే లేదు. కానీ కంప్యూటర్లు బాగుచేసి బతికే మనిషికి నెట్టు వేగంగా వస్తే ఒళ్ళు మండటం మాత్రం పక్కనే జిరాక్స్ షాపు నడిపే సూర్యప్రకాష్ ఇంకెక్కడా చూడలేదు. ఊరంతా గోడల మీద ఫైబర్ తీగలు పాకించుకుంటుంటే, ఇష్తియాక్ భాయ్ ఎప్పటిదో ఒక డాంగిల్‌ను కిటికీ చువ్వకు పురికొసతో కట్టి, దానికో పొడవాటి తీగ తగిలించి, అది ఎంత ఇస్తే అంతే మహాప్రసాదమని కూర్చుంటాడు. అది ఇచ్చేదీ అంతంతమాత్రం. వాన పడితే అసలు ఇవ్వదు. ఆ నెట్టు మీదే ఆయన జనం కంప్యూటర్లకు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ దించి ఎక్కిస్తాడు. పొద్దున ఇచ్చిన కంప్యూటర్ మర్నాడు సాయంత్రానికి చేతికొస్తే ఆ ఇంటివాళ్ళు అదృష్టవంతుల కింద లెక్క.

ఇష్తియాక్ భాయ్ మొదటినుంచీ కంప్యూటర్ల మనిషి కాదు. ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు దించి ఎక్కించిన చేయి ఆయనది. నడుము పట్టేసి, ఇక బరువులు ఎత్తొద్దని డాక్టరు గట్టిగా చెప్పాక, భార్య మెహరాజ్ బరువు లేని ఇంజన్లేమైనా ఉంటే చూసుకోమని సలహా ఇచ్చిందట. ఆయన వెతికి వెతికి కంప్యూటర్ల దగ్గర ఆగాడు. పని మారింది గానీ మనిషి మారలేదు. షాపు బోర్డు కూడా ఆటోనగర్ పెయింటర్ చేతే రాయించాడు. "ఇచ్చట అన్ని రకముల కంప్యూటర్లు ఓవరాయిలింగ్ చేయబడును" అని పసుపు మీద ఎర్రక్షరాలు, అటో తామరపువ్వు, ఇటో తామరపువ్వు. వెనక ఒక బంపర్ తగిలిస్తే ఆ షాపు హైవే ఎక్కి వెళ్ళిపోయేలా ఉంటుంది.

కంప్యూటర్ చేతికి రాగానే ఆయన మూత విప్పుతాడు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన హార్డ్ డిస్క్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. ఇంజన్‌లో బేరింగ్ పోయిందో లేదో ఆటోనగర్ మేస్త్రీలు వినేది అలాగే. కంప్యూటర్ తెచ్చినవాళ్ళు ఊపిరి బిగబట్టి ఆయన మొహంలోకి చూస్తుంటారు. కాసేపటికి కళ్ళు తెరిచి "ఎక్కిద్దామండి. కాకపోతే నెట్ నెమ్మది" అంటాడు. ఏ కంప్యూటర్‌కైనా ఆయన చెప్పే రోగం అదే, మందూ అదే.

దీని వెనక ఒక సిద్ధాంతం ఉంది, అదీ ఆటోనగర్‌దే. కొత్తగా బోరు కొట్టించిన, అంటే అరిగిన సిలిండర్లు మళ్ళీ చెక్కించిన ఇంజన్‌ను మొదట్లో నెమ్మదిగా నడపాలి. దాన్ని రన్నింగ్-ఇన్ అంటారు. అలా నడిపితేనే లోపలి సామాను ఒకదానితో ఒకటి సర్దుకుంటుంది. మొదటిరోజే తొక్కేస్తే ఇంజన్ పట్టేస్తుంది. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ కూడా అంతేనని ఇష్తియాక్ భాయ్ వాదన. అది చుక్క చుక్కగా దిగాలి, డిస్కుకు అలవాటు కావాలి. ఫైబర్ నెట్టులో దబ్బున వచ్చి పడిన సిస్టమ్ ఆర్నెల్లకే దగ్గుతుందని ఘంటాపథంగా చెప్తాడు. దిగుతున్నంతసేపూ స్క్రీన్ మీద గళ్ళ తువ్వాలు కప్పి ఉంచుతాడు. ఎవరైనా ఎత్తి చూడబోతే, నడుస్తున్న బండికి బానెట్ ఎత్తుతామా అండీ అని చేయి అడ్డం పెడతాడు.

ఫైబర్ కనెక్షన్లు అమ్ముకునే జయంత్ అనే కుర్రాడు ఒకసారి ఈయన షాపులో అడుగుపెట్టాడు, పాపం. మొదటి నెల ఊరికే ఇస్తామన్నాడు, తీగ ఊరికే లాగుతామన్నాడు, సినిమా మొత్తం రెప్పపాటులో దిగుతుందన్నాడు. ఇష్తియాక్ భాయ్ అంతా శ్రద్ధగా విని, కుర్చీ వేసి, టీ చెప్పి, ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"దీన్ని తగ్గించుకోడానికి ఏదన్నా మర ఉంటుందా బాబూ?"

జయంత్ ఆ టీ తాగలేకపోయాడు. స్పీడు పెంచమని అడిగేవాళ్ళకు ఏం చెప్పాలో అతనికి కంపెనీ నేర్పింది గానీ ఇలాంటి మనిషి ఎదురైతే ఏం చెప్పాలో నేర్పలేదు. ఆ తర్వాత అతను ఆ వీధిలోకి వచ్చినా ఈ షాపు ముందు మాత్రం బండి ఆపలేదు.

ఈ నెమ్మది నిన్నా ఇవాళా పుట్టింది కాదని మెహరాజ్ చెప్తుంది. బందరులో వాళ్ళింటికి పెళ్ళిచూపులకు ఆయన లారీలో వచ్చాడట. అప్పుడే బోరు కొట్టించిన లారీ. దాన్ని రోడ్డు మీద నడిపి చూడాలి, పెళ్ళికూతుర్నీ చూడాలి, రెండు పనులూ ఒకే ప్రయాణంలో అయిపోతాయని బయలుదేరాడు. సైకిళ్ళు దాటిపోయాయి. పామర్రు దగ్గర గేదెలు కూడా దాటిపోయాయని ఆవిడ అంటుంది, అది కొంచెం ఎక్కువే కావచ్చు. మధ్యాహ్న భోజనానికి రావలసిన పెళ్ళివారు దీపాల వేళకు దిగారు. ఆకలితో లారీ వెనక ఎక్కిన పెద్దలు ఎవరూ ఎవరితోనూ మాట్లాడే స్థితిలో లేరు. పెళ్ళికొడుకు మాత్రం చెక్కు చెదరకుండా దిగి, ఇంజన్ ఎక్కడా వేడెక్కలేదని మామగారికి శుభవార్త చెప్పాడు. ఇంజన్‌నే ఇంత చల్లగా చూసుకునేవాడు పిల్లను కూడా చూసుకుంటాడులే అని ఆయన సంబంధం ఖాయం చేశాడట.

ఇక డేనియల్ మాస్టారి సంగతి. ఆయన చర్చిలో క్వయర్‌కు పాటలు నేర్పుతాడు. సరిగ్గా క్రిస్మస్ ముందు ఆయన లాప్‌టాప్ మంచం పట్టింది. సాయంత్రం గన్నవరంలో విమానం ఎక్కాలి, లాప్‌టాప్ ఏమో తువ్వాలు కింద ఉంది. ఇష్తియాక్ భాయ్ టీకి వెళ్ళిన సందు చూసి మాస్టారు తువ్వాలు కొస పట్టుకున్నాడు. ఎత్తాడో లేదో, భాయ్ గుమ్మంలో ఉన్నాడు.

"చూశారా?"

"చూడలేదండీ. ప్రభువు సాక్షి."

"చూశారు. ఇక మళ్ళీ మొదటినుంచి దించాలి."

మాస్టారు ఉసూరుమంటూ లాప్‌టాప్ లేకుండానే గన్నవరం వెళ్ళిపోయాడు. అదృష్టం బాగుండి విమానం ఆలస్యమైంది. ఆయన ఎయిర్‌పోర్ట్ బయట దిగాలుగా నిలబడి ఉంటే, దూరంగా హైవే అంచున ఒక స్కూటర్ కనిపించిందట. అది చాలాసేపు కనిపిస్తూనే ఉంది గానీ దగ్గరికి రాలేదు. చివరికి వచ్చింది. ఇష్తియాక్ భాయ్ లాప్‌టాప్ చేతిలో పెట్టి, స్కూటర్‌కు కొత్త పిస్టన్ వేయించానని, అందుకే కాస్త చూసుకుని వచ్చానని చెప్పాడు. తెరిచి చూస్తే కొత్త సిస్టమ్ తళతళలాడుతోంది, పాత క్వయర్ పాటలన్నీ ఒక్కటి కూడా చెక్కు చెదరకుండా "పాత సామాను" అనే పేరుతో ఒక పక్కన ఉన్నాయి. మాస్టారి సంతోషానికి అంతు లేదు. చర్చిలో అందరికీ చెప్పాడు. నెమ్మది నెట్టులో ఎక్కిస్తే పాతవి చెరగవు అని.

అదిగో, అక్కడ మొదలైంది. పటమట సగం ఆ మాట నమ్మేసింది. ఫార్మాట్ కొట్టినా పెళ్ళి ఫోటోలు అలాగే ఉన్నాయన్నవాళ్ళు ఒకరు, పిల్లల వీడియోలు పోలేదన్నవాళ్ళు ఒకరు. అంతా ఆ డాంగిల్ మహిమ. ఆయన్ను తిడుతూనే మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. ఇష్తియాక్ భాయ్ ఔననీ అనడు, కాదనీ అనడు.

ఇది వింటే సూర్యప్రకాష్‌కు అరికాలి మంట నెత్తికెక్కేది. జిరాక్స్ షాపువాడైనా కంప్యూటర్ సంగతులు అంతో ఇంతో తెలిసినవాడు. పలకను నెమ్మదిగా తుడిస్తే అక్షరాలు ఉండిపోతాయా అని వచ్చిన ప్రతివాడితోనూ వాదించేవాడు. ఎవడూ వినేవాడు కాదు. ఆగలేక ఒకరోజు, గోడకు చిన్న కంత పెట్టి నా ఫైబర్ తీగే ఇటు ఇస్తాను, వాడుకోండి భాయ్ అన్నాడు. ఇష్తియాక్ భాయ్ నొచ్చుకోకుండా, మీ నెట్టు మంచిదేనండి, కాకపోతే కాస్త దుడుకు అని మర్యాదగా వద్దన్నాడు.

సూర్యప్రకాష్ ఇంట్లో నలుగురు. భార్య సుధామణి, కూతురు రుచిత, తండ్రి ఎల్లారావు. ఎల్లారావు కొల్లేటి గట్టు మనిషి. కైకలూరు వైపు చేపల మార్కెట్లో తెల్లవారుజామున వేలంపాట పాడేది ఆయనే. ఆయన గొంతెత్తి "కొర్రమీనండీ కొర్రమీను" అన్నాడంటే రోడ్డు మీద బస్సులో కూర్చున్నవాళ్ళు కూడా చెయ్యెత్తి పాట పెంచేవాళ్ళట. తర్వాత గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేశారు. మనిషి దక్కాడు, గొంతు దక్కలేదు. ఇప్పుడు ఆయన ఏం చెప్పినా గుసగుసే. చెవి దగ్గర పెడితేనే వినపడుతుంది.

ఆపరేషన్‌కు ముందు కొడుకు ఒక మంచి పని చేశాడు. కొన్నాళ్ళు తండ్రి వెంట మార్కెట్‌కు వెళ్ళి, ఫోన్లో ఆ పాటలు రికార్డు చేసి, షాపు కంప్యూటర్లో పెట్టాడు. ఆ ఫోను తర్వాత కొల్లేట్లో పడిపోయింది. పాటలు మాత్రం షాపులో ఉండిపోయాయి. రోజూ సాయంత్రం ఎల్లారావు ఉతికిన చొక్కా వేసుకుని షాపుకొచ్చి స్టూలు మీద కూర్చుంటాడు. కొడుకు ఒక పాట పెడతాడు. ముసలాయన కళ్ళు మూసుకుని వింటూ, మూడోసారి అన్నచోట మోకాలి మీద ఒక్క దెబ్బ వేస్తాడు. అంతే, ఇంటికి పోతాడు. ఆ ఒక్క దెబ్బ కోసమే ఆయన పొద్దుటినుంచి బతికి ఉంటాడని సుధామణి అనేది.

ఆ పాటలను ఇంకో చోట కూడా పెట్టుకోవాలని సూర్యప్రకాష్ ఎన్నోసార్లు అనుకున్నాడు. రేపు చేద్దాంలే అనీ అనుకున్నాడు.

ఇలా ఉండగా షాపు కంప్యూటర్ మొరాయించటం మొదలుపెట్టింది. సూర్యప్రకాష్‌కు రోషం పొడుచుకొచ్చింది. కొత్త సిస్టమ్ తానే ఎక్కిస్తానని, తన ఫైబర్ నెట్టులో గంటలో దింపి చూపిస్తానని, ఇష్తియాక్ భాయ్ గుమ్మం ముందు నిలబడి మరీ చాటాడు. జాగ్రత్తగానే మొదలుపెట్టాడు. కస్టమర్ల కాగితాలు, శుభలేఖల డిజైన్లు, పాస్‌పోర్ట్ ఫోటోలు, అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. షాపు పనికి సంబంధించిందేదీ వదల్లేదు. పాతదంతా చెరిపేయమంటావా అని కంప్యూటర్ అడిగింది. చెరిపేయి అన్నాడు. నిజంగానా అని మళ్ళీ అడిగింది. నిజంగానే అన్నాడు. కొత్తది నెట్టులోంచి దిగటం మొదలైంది. గుర్రంలా దిగుతోంది. రండి భాయ్, చూద్దురు గాని అని కేకేయబోయేంతలో, వీధి చివర డ్రైనేజీ తవ్వుతున్నవాళ్ళు గునపంతో ఫైబర్ తీగను తెంపేశారు. గుర్రం నిలబడిపోయింది.

నెట్ లేదు, చేయడానికి పనీ లేదు. అలా ఖాళీగా కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది సూర్యప్రకాష్‌కు. నాన్న పాటలు షాపు పని కాదు. అవి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కలేదు.

కంప్యూటర్ ఆపేసి దాని ఎదురుగా అలాగే కూర్చున్నాడు. జిరాక్స్ కోసం వచ్చినవాళ్ళు వచ్చి చూసి పోయారు.

సాయంత్రం ఎల్లారావు ఉతికిన చొక్కాతో రానే వచ్చాడు. స్టూలు లాక్కుని కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. కొడుకు నోటికి ఏదొస్తే అది అనేశాడు.

"ఇవాళ నెట్ స్లోగా ఉంది నాన్నా. పాట రాదు."

ముసలాయన కళ్ళు తెరిచి, కొడుకును దగ్గరికి రమ్మని సైగ చేసి, గుసగుసగా అడిగాడు. "పాటకి నెట్టెందుకురా? అది నీ దాంట్లోనే ఉంటదిగా?"

"ఇప్పుడన్నీ నెట్టు మీదే నాన్నా. రూల్ మారింది."

ఎల్లారావు కాసేపు ఆ నెట్టువాళ్ళను, వాళ్ళ వంశాన్ని గుసగుసగా తిట్టాడు. తిట్టి, కాస్త తేలికపడి ఇంటికి పోయాడు. ఆయన తిడుతున్నంతసేపూ సూర్యప్రకాష్‌కు ప్రాణం కుదుటపడినట్టే ఉంది. ఆయన అటు వెళ్ళగానే మళ్ళీ గుండెలో రాయి పడింది.

సంగతి విన్న సుధామణి మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని అతనికి అనిపించింది. "ముందు ఇష్తియాక్ అన్నయ్యగారి దగ్గరికి వెళ్ళండి. పరువు సంగతి తర్వాత చూసుకుందాం" అంది.

మర్నాడు పొద్దున్నే సూర్యప్రకాష్ కంప్యూటర్‌ను రెండు చేతులా ఎత్తుకుని ఇష్తియాక్ భాయ్ ముందు పెట్టాడు. ఆయన ఎగతాళి చేయలేదు. నిన్న సాయంత్రం గోడ అవతల పాట వినపడలేదేమిటా అనుకున్నానండి అన్నాడు, అంతే. జరిగిందంతా విన్నాడు. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకున్నాడు. మామూలు కంటే ఎక్కువసేపు కళ్ళు మూసుకున్నాడు.

"ఆపేశాక దీన్ని మళ్ళీ వేశారా ప్రకాష్ గారూ?"

"లేదు భాయ్."

"మంచిది. ఎక్కిద్దామండి. కాకపోతే నెట్ నెమ్మది."

"నాన్న పాటలు వస్తాయా?"

"ఆ సంగతులు నాకు తెలీదండి. నేను కొత్తది ఎక్కించేవాణ్ణి, అంతే."

ఆ మాటతో సూర్యప్రకాష్‌లో ఏదో తెగిపోయింది. ఇన్నేళ్ళ ఇరుగుపొరుగులో ఎప్పుడూ గొంతు పెంచనివాడు ఆ రోజు పెంచాడు. మనిషి ఇక్కడ చచ్చిపోతుంటే ఆ దరిద్రపు డాంగిల్ పట్టుకుని వేలాడతారేమిటని అడిగాడు. రన్నింగ్-ఇన్నూ వద్దు, గాడిదగుడ్డూ వద్దన్నాడు. మీది పని కాదు, పిచ్చి అన్నాడు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. ఇష్తియాక్ భాయ్ తువ్వాలు దులిపి, స్క్రీన్ మీద కప్పి, అంచులు సర్ది, మెత్తగా జవాబిచ్చాడు.

"తిట్టండి ప్రకాష్ గారూ. నా నెట్టు ఉన్నదే తిట్టించుకోడానికి."

ఆ రోజూ ఎల్లారావు వచ్చాడు. ఆ రోజూ నెట్ స్లోగానే ఉంది. ముసలాయన ఈసారి తిట్టలేదు. స్టూలు మీద కాసేపు ఊరికే కూర్చుని, మోకాలి మీద చేయి ఉత్తినే ఆనించి, లేచి వెళ్ళిపోయాడు. తండ్రి తిడితేనే నయమని సూర్యప్రకాష్‌కు తెలిసొచ్చింది. పాటలు ఇక లేవని, నేనే చెరిపేశానని రేపు చెప్పక తప్పదు. ఎలా చెప్పాలో తెలియక అతనికి అన్నం సయించలేదు.

ఆ మర్నాడు మధ్యాహ్నం ఇష్తియాక్ భాయ్ నమాజుకు బయలుదేరుతూ, ఎప్పటిలాగే షాపు కాస్త చూస్తుండమని పక్కషాపుకు చెప్పాడు. తిట్టిన మనిషికి ఆ మాట చెప్పడం చూసి సూర్యప్రకాష్‌కు సిగ్గేసింది. వెళ్ళి ఆయన కుర్చీలో కూర్చున్నాడు. తన కంప్యూటర్ తువ్వాలు కింద సన్నగా మూలుగుతోంది. ఆ డాంగిల్ అసలు పనిచేస్తోందా అని చూడాలనిపించింది. కిటికీ దగ్గర మొదలుపెట్టి తీగ వెంట చూసుకుంటూ వచ్చాడు. తీగ గోడ వెంట దిగింది, బల్ల ఎక్కింది, కీబోర్డు కిందుగా దూరింది, ఇవతల తేలింది. అక్కడితో అయిపోయింది. దాని కొస ఏ కంప్యూటర్‌కూ తగిలించి లేదు. టీ గ్లాసు పక్కన పడి ఉంది. దాని మీద చీమలు తిరుగుతున్నాయి.

అంటే నెమ్మది నెట్టు కూడా లేదు. అసలు నెట్టే లేదు.

సూర్యప్రకాష్ తువ్వాలు ఎత్తాడు. స్క్రీన్ మీద పేర్లు ఒకదాని కింద ఒకటి, ఆగి ఆగి వస్తున్నాయి. ఎప్పుడో చేసిన శుభలేఖలు, ఎవరివో పాస్‌పోర్ట్ ఫోటోలు, రుచిత చిన్నప్పటి బొమ్మలు. చెరిగిపోయినవన్నీ. కింద, ఇంకా మెరుస్తున్న వరుసలో, "నాన్న - కొర్రమీను పాట". దాని పక్కన, దొరికింది అని ఉంది.

వెనక చెప్పుల చప్పుడు వినపడింది. ఇష్తియాక్ భాయ్ గుమ్మంలో నిలబడి, చేయకూడని దొంగతనంలో దొరికినవాడిలా తల గోక్కుంటున్నాడు.

"చూశారా?"

"చూశాను భాయ్."

భాయ్ నిట్టూర్చి వచ్చి బల్ల అంచున కూర్చున్నాడు. ఇక దాచి లాభం లేదని చెప్పేశాడు. కొత్తలో ఒకావిడ కంప్యూటర్ తెచ్చింది. అందులో చెరిగిపోయిన ఫోటోలు వెతికి తీసిస్తానని ఈయన మాటిచ్చాడు. ఆవిడ పొద్దుటినుంచి ఇదే కుర్చీలో, ఈయన చేతుల వంకే చూస్తూ కూర్చుంది. సాయంత్రానికి రాలేదని చెప్పాల్సి వచ్చింది. అప్పటినుంచి ఆయన ఎవరికీ మాటివ్వడు. ముందు పాతవన్నీ వెతికి తీస్తాడు, దొరికితే సర్ది పెట్టి ఊరుకుంటాడు. ఆటోనగర్‌లో కొత్త సామాను వేశాక పాత సామాను మూటగట్టి బండివాడి చేతికివ్వడం పద్ధతి, ఇదీ అంతే అన్నాడు.

"చెప్పొచ్చుగా భాయ్. ఇన్నాళ్ళూ జనంతో తిట్లు తింటారా?"

"నెట్ స్లో అంటే నన్ను తిట్టుకుంటారండి. తిట్టుకున్నవాళ్ళు ఇంటికి పోయి అన్నం తింటారు. ఆశ పెట్టుకున్నవాళ్ళు తినరు."

తండ్రి ముందు తన నోటికి ఆ అబద్ధమే ఎందుకొచ్చిందో సూర్యప్రకాష్‌కు అప్పుడు అర్థమైంది. తను భయంతో చెప్పింది ఈయన ఏళ్ళ తరబడి ఊరందరికీ చెప్తున్నాడు, తిట్లు కూడా తనే పడుతున్నాడు. నిన్నటి తన మాటలు గుర్తొచ్చి, భాయ్ చేయి పట్టుకున్నాడు. భాయ్ ఆ చేతిలో టీ గ్లాసు పెట్టాడు.

"మరి కొత్త సిస్టమ్?"

ఇష్తియాక్ భాయ్ చొక్కా జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి చూపించాడు. ఇందులో ఉందండి, టీ తాగేలోపు ఎక్కుతుంది అన్నాడు.

"అయితే ఆ రన్నింగ్-ఇన్ అంతా అబద్ధమేనా?"

ఈసారి మాత్రం భాయ్‌కు నిజంగా కోపమొచ్చింది. రన్నింగ్-ఇన్ అబద్ధమెలా అవుతుంది? ముసలి డిస్కును తొక్కితే ఉన్నది కూడా పోతుంది, నెమ్మదిగా బుజ్జగిస్తేనే ఇస్తుంది. నెట్టు అబద్ధం గానీ నెమ్మది అబద్ధం కాదని గట్టిగా చెప్పాడు.

అంతలో డిస్కు టకటకమని, పేర్లు రావడం ఆగిపోయింది. సూర్యప్రకాష్ గుండె కూడా దాంతోపాటే ఆగింది. భాయ్ స్క్రూడ్రైవర్ పెట్టి విన్నాడు. వేడెక్కింది, కాస్త ఊపిరి తీసుకోనిద్దామని టేబుల్ ఫ్యాన్ దాని వైపు తిప్పాడు. కరెంటు, దేవుడు, కనకదుర్గమ్మ, పెద్దింట్లమ్మ తల్లి, ఎవరెవరికి మొక్కాలో అందరికీ మొక్కుకుంటూ సూర్యప్రకాష్ చేతిలో టీ చల్లారబెట్టుకున్నాడు. అతని మొహం చూసి భాయ్ తల ఊపాడు. "ఇందుకేనండీ నేను చెప్పనిది."

అప్పుడే ఫిన్నీ అనే నర్సింగ్ కాలేజీ అమ్మాయి తన లాప్‌టాప్ కోసం వచ్చింది. ఇంకా కాలేదా అంకుల్, ఇన్ని రోజులా అని విసుక్కుంది. ఇష్తియాక్ భాయ్ నోరు తెరిచేలోపు సూర్యప్రకాష్ అందుకున్నాడు.

"నెట్ మహా స్లోగా ఉందమ్మా. నేనూ అందుకే కూర్చున్నా. రేపు రా."

ఆ అమ్మాయి ఇద్దర్నీ కలిపి తిడుతూ గొణుక్కుంటూ పోయింది. సూర్యప్రకాష్‌కు ఆ గొణుగుడు ఎందుకో తీయగా వినిపించింది. లోపల డిస్కు మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది.

సాయంత్రానికి పాటలన్నీ వచ్చాయి. ఒక్క చవకరకం గురక చేపల పాట మాత్రం సగంలో ఆగింది, దానికి ఎవరూ బాధపడలేదు. సూర్యప్రకాష్ వాటిని ముందు పెన్‌డ్రైవ్‌లోకి, తర్వాత సుధామణి ఫోన్లోకి, తర్వాత రుచిత ఫోన్లోకి ఎక్కించాడు. ఇంకెవరి ఫోనైనా దొరుకుతుందా అని వీధిలోకి కూడా చూశాడు. మూడు రోజులుగా భుజాల మీద ఎవరో కూర్చున్నట్టుంది, ఇప్పుడు దిగిపోయారు. పిచ్చివాడిలా నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, చివరికి బ్రహ్మాండంగా ఆకలేసింది.

ఎల్లారావు వచ్చాడు. ఆశ లేనట్టే కూర్చున్నాడు. కొర్రమీను పాట మొదలైంది. పటమట వీధిలో ఆ కంచుగొంతు ఖంగుమంది. స్కూటర్ మీద పోతున్నావిడ బండి ఆపి చేపలెక్కడని అడిగింది. ముసలాయన కళ్ళు మూసుకునే వింటున్నాడు. మూడోసారి అన్నచోట మోకాలి మీద పడిన దెబ్బ సుధామణికి ఇంట్లో వినపడిందంటే నమ్మాలి.

పాట అయ్యాక ఆయన కొడుకును వంగమని, నెట్ బాగైందా అని అడిగాడు. అయింది నాన్నా, భాయ్ బాగుచేశారు అన్నాడు సూర్యప్రకాష్. ఎల్లారావు లేచి పక్కషాపు గుమ్మం దాకా నడిచి ఇష్తియాక్ భాయ్ చేయి పట్టుకున్నాడు. ఏదో చెప్పబోయాడు. గొంతు రాలేదు, ఈసారి ఆపరేషన్ వల్ల కాదు. ఆ పెద్దాయన్ను ఎలా తేలికపరచాలో భాయ్‌కు తోచలేదు. పాటలు సరిగ్గా వచ్చాయో లేదో చూడటానికి అన్నీ మొదటినుంచి చివరిదాకా విన్నానని, విని విని నాక్కూడా పాట వచ్చేసిందని అన్నాడు.

ముసలాయన కళ్ళు మెరిశాయి. పాడమని చేత్తో సైగ చేశాడు.

ఇష్తియాక్ భాయ్ గొంతు సవరించుకున్నాడు. చొక్కా సర్దుకున్నాడు. "కొర్రమీనండీ..." అని ఆగి, ఊపిరి తీసుకుని, "కొర్రమీను" అన్నాడు. "తోక ఆడుతున్న కొర్రమీను" అని, అది ఆడుతున్నంతసేపు ఆగాడు. ఒకటోసారి అన్నాడు. వీధి చివర ఆటో ఒకటి మలుపు తిరిగి, వచ్చి, షాపు దాటి వెళ్ళిపోయింది. అప్పుడు రెండోసారి అన్నాడు. జిరాక్స్ కోసం వచ్చినవాళ్ళు మూడోసారి ఎప్పుడంటాడా అని నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు.

ఎల్లారావు చాలాసేపు ఓపికపట్టాడు. ఇక లాభం లేదని భాయ్ భుజం పట్టి కిందికి వంచి, చెవిలో గుసగుసగా చెప్పాడు. అది మాత్రం పక్కనున్న సూర్యప్రకాష్‌కూ వినపడింది.

"నీ పాటకి చేప కుళ్ళిపోద్దయ్యా సాయిబూ. రేపట్నించి రోజూ రా, నేర్పిస్తా."